సింకు కింద వంపు గొట్టం

మొన్న మా వంటింటి సింకు పూడుకుపోయింది. వేణ్ణీళ్ళకు లొంగలేదు. కింద బకెట్ పెట్టి వంపు గొట్టం మర విప్పితే, గడ్డకట్టిన నూనె, మెతుకులు. "మీకెందుకండీ, ఎవరినైనా పిలవచ్చుగా" అంది మా ఆవిడ. ఆ 'ఎవరినైనా' వెనక చాలా చరిత్ర ఉంది.

మొహెంజొదారోలో సుమారు 4,500 ఏళ్ళ క్రితమే ఇటుకలు కప్పిన మురుగు కాలువలు, మడ్డి దిగే గుంటలు కట్టారు. వాసనను గుక్కెడు నీళ్ళతో ఆపే వంపు గొట్టానికి 1775లో గడియారాల పనివాడు అలెగ్జాండర్ కమ్మింగ్ పేటెంట్ పొందాడు. మనమో, మురుగును కులానికి అప్పగించి మడి కట్టుకున్నాం. చేతులతో మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకొకటి. ఆడిట్ భాషలో చెప్పాలంటే, మొదటి పద్దు అమలు కాలేదన్నమాట.

మర బిగించాను. నీళ్ళు గలగలా దిగాయి. స్నానం చేసి రమ్మంది. సబ్బుతో చేతులు కడుక్కుని అన్నానికి కూర్చున్నాను.