పిత్తాశయము - కత్తియు, క్రిమియు

శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి ఉక్కు కర్మాగారమున పనికై వచ్చి జంషెడ్‌పూరున స్థిరపడిన తెలుగు కుటుంబములు పెక్కు. మా మేనమామగారు అట్టివారిలో ఒకరు. కుడి డొక్కలో నొప్పి వచ్చినప్పుడెల్ల "పైత్యము చేసినది" అని వాము కషాయము త్రాగి డ్యూటీకి పోయెడివారు. పిత్తాశయములో రాళ్లున్నవని తేలిన పిదపగూడ, కత్తికి భయపడి, కుమార్తె పెండ్లి కానిమ్మని రెండేండ్లు గడపిరి. పెండ్లి నాలుగు దినములున్నదనగా చలిజ్వరముతో, పచ్చబడిన కన్నులతో ఆసుపత్రి చేరిరి. నేను వైద్యుడను గాను, ఆర్ట్సు పట్టభద్రుడను. ఆసుపత్రి వరండాలో కూర్చుండిన ఆ దినములలోనే ఈ చరిత్ర తెలిసికొనవలెనను కోరిక కలిగినది.

కాలేయము దినమునకు లీటరువరకు పిత్తరసమును స్రవించును. అందులో కొంత చిక్కబరచి దాచుకొను చిన్న సంచియే పిత్తాశయము. ఆరోగ్యవంతుని పిత్తరసములో సాధారణముగా క్రిములుండవు. రాయి అడ్డుపడి రసము నిలిచిపోయినచో ప్రేవులలోని ఈ.కోలై, క్లెబ్సియెల్లా మొదలగునవి అందు చేరి వృద్ధిపొందును. నొప్పి, చలిజ్వరము, కామెర్లు ఈ మూడును కూడివచ్చు లక్షణమును ఫ్రెంచి వైద్యుడు షార్కో 1877లోనే వర్ణించెను.

1867లో అమెరికాలోని ఇండియానాపొలిసున జాన్ బాబ్స్ అను వైద్యుడు పిత్తాశయమును కోసి, రాళ్లు తీసి, మరల కుట్టెను. శస్త్రచికిత్సలో కార్బాలిక్ ఆమ్లముతో క్రిములను అరికట్టు పద్ధతిని లిస్టరు ప్రకటించినదియు ఆ యేడే. కాని సంచి మిగిలియుండగా రాళ్లు మరల పుట్టవచ్చును గదా! బెర్లినులోని లాజరస్ ఆసుపత్రి వైద్యుడు కార్ల్ లాంగెన్‌బుక్ ఈ విషయమునే యోచించెను. ఏనుగునకు, గుఱ్ఱమునకు పిత్తాశయమే లేదు. అవి సుఖముగా బ్రతుకుటలేదా? 1882 జూలై 15న, పదునారేండ్లుగా బాధపడుచున్న 43 ఏండ్ల రోగికి ఆయన పిత్తాశయమునే తొలగించెను. మరునాడు జ్వరము లేదు. రోగి చుట్ట కాల్చుచుండెనట!

రసము క్రిమిమయమైన పిదప కత్తిపట్టుట వేరు. గాయము చీముపట్టుట, ఆసుపత్రివాసము పెరుగుట, విషము రక్తమున చేరుట సంభవింపవచ్చును. వృద్ధులకు ఈ ప్రమాదము మరింత ఎక్కువ. ఇచ్చట మనవారొకరిని స్మరింపవలెను. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకు అధిపతిగా నుండగా, అచ్చటనే డగ్గర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్ సాధించెను. 1948లో అది ప్రకటింపబడినది. పెనిసిలిన్‌కు లొంగని ప్రేవు క్రిములలో పెక్కింటిపై అది పనిచేసెను. సుబ్బారావుగారు ఆ సంవత్సరమే దివంగతులైరి. క్రిములు క్రమముగా ఒక్కొక్క మందునకు ఎదురు నిలుచుట నేర్చినవి. అందుచేతనే నేడు రసమును పరీక్షకు పంపి, ఏ మందు పనిచేయునో చూచుచున్నారు.

మన దేశమున ఈ వ్యాధి అంతట ఒక్క తీరున లేదు. రైల్వే ఉద్యోగులను పరిశీలించిన వైద్యుడు మల్హోత్రా, దక్షిణాదివారిలో కంటె ఉత్తరాదివారిలో ఇది ఏడు రెట్లు అధికమని 1968లో వ్రాసెను. ఆహారభేదమే కారణమని ఆయన తలంచెను. ఉత్తరాదిని కాపురముండు మనబోంట్లు ఏ లెక్కలోనికి వత్తుమో!

1985లో జర్మనీలో ఎరిక్ మ్యూహె చిన్న రంధ్రములద్వారా గొట్టమును చొప్పించి పిత్తాశయమును తీసెను. ఆ విధానమును 1990లో ముంబయిలో ఉద్వాడియాగారు మన దేశమునకు తెచ్చిరి. క్రిమి చేరకముందు ఈ చికిత్స చేయించుకొన్నవారు పెక్కుమంది ఒకటి రెండు దినములలో ఇల్లు చేరుచున్నారు.

మా మేనమామగారికి ముందు అడ్డంకి తొలగించి, మందులతో జ్వరము తగ్గించి, ఆరు వారములకు పిత్తాశయము తీసిరి. కుట్లు చీముపట్టి మరి మూడు వారములు కట్లు తప్పలేదు. ఆయన కోలుకొనిరి. కుమార్తె పెండ్లిలో మాత్రము కన్యాదానము మా చిన్న మేనమామగారు చేసిరి.