ఎకరాకు ఒక షేరు

అమెరికాలోని ఫీనిక్స్ నగరం పాత పేటల్లో వేసవి రాత్రి రెండింటికి ఎవరైనా రబ్బరు బూట్లు తొడుక్కుని, టార్చిలైటుతో పెరట్లో తిరుగుతుంటే దొంగేమో అని హడలిపోనక్కర్లేదు. ఆ ఇంటికి నీటి వంతు వచ్చిందంతే. తూము తిప్పగానే నది నీళ్లు బుడబుడమంటూ పైకొచ్చి, చుట్టూ గట్టు కట్టిన పచ్చికలో చీలమండ లోతున నిలుస్తాయి. నిద్రపోయి వంతు పోగొట్టుకుంటే మళ్లీ వచ్చే వంతుదాకా పచ్చిక ఎండాల్సిందే. కాలువ తలుపులు చూసే మనిషిని అక్కడ ఇప్పటికీ స్పానిష్ మాటతో సాంజెరో అంటారు. మన నీరుగంటికి వరసకు అన్నదమ్ముడు.

ఈ వంతుల లెక్క చూసేది సాల్ట్ రివర్ వ్యాలీ వాటర్ యూజర్స్ అసోసియేషన్. 1903 ఫిబ్రవరిలో పుట్టిన ఈ సంస్థకు 2028లో 125 ఏళ్లు నిండుతాయి.

కథ మాత్రం అంతకు ముందే మొదలైంది. 1867లో జాక్ స్విల్లింగ్ అనే మాజీ సైనికుడు, బంగారం వేటగాడు, ఈ ఎడారిలో పూడిపోయిన కాలువల జాడలు చూశాడు. హోహోకమ్ ప్రజలు వందల మైళ్ల పొడవున తవ్వి, 15వ శతాబ్దం నాటికి విడిచిపోయినవవి. 10,000 డాలర్ల మూలధనంతో స్విల్లింగ్ కంపెనీ పెట్టాడు. 1868లో నీళ్లు పారాయి, ఆ ఏడే పంట చేతికొచ్చింది. పాత శిథిలాల మీద లేస్తున్న ఊరు కాబట్టి దానికి బూడిదలోంచి లేచే పక్షి పేరు పెట్టారు.

తర్వాత టెంపీకి ఒక కాలువ, మీసాకు ఒకటి, 1885 నాటికి అరిజోనా కెనాల్. కంపెనీలు పెరిగాయి, నది మాత్రం ఒక్కటే. పైగా పొలం ఒకరిది, నీటి హక్కు కాగితం మరొకరిది అయ్యే పరిస్థితి. 1892లో న్యాయమూర్తి జోసెఫ్ కిబ్బీ ఈ చిక్కుముడి విప్పారు: నీరు సాగయ్యే నేలకు చెందుతుంది, కంపెనీ దాన్ని మోసుకొచ్చేది మాత్రమే. బండివాడు బస్తాలకు యజమాని కాడు కదా!

తీర్పుతో నది నిండదు. తీర్పుకు ముందు ఏడాదే, 1891లో, వరద ముంచెత్తింది. ఆ దశాబ్దం చివర మొదలైన కరువు తోటల్ని మాడ్చింది. జలాశయం కావాలి, అంత డబ్బు ఏ ఒక్క కంపెనీ దగ్గరా లేదు. సాగునీటి పనుల కోసం తెచ్చిన 1902 చట్టంతో కేంద్రం అప్పివ్వడానికి ముందుకొచ్చింది. రైతులు రెండు లక్షలకు పైగా ఎకరాలు హామీ పెట్టి, ఎకరాకు ఒక షేరు చొప్పున అసోసియేషన్ కట్టారు. షేరు నేలను అంటిపెట్టుకునే ఉంటుంది. పొలం అమ్మితే దాంతోపాటే పోతుంది. ఆ అప్పుతో కట్టిన 280 అడుగుల రూజ్‌వెల్ట్ డ్యామ్‌ను 1911 మార్చి 18న థియోడర్ రూజ్‌వెల్టే స్వయంగా ప్రారంభించారు. 1917లో నిర్వహణ రైతుల చేతికొచ్చింది. అప్పు 1955లో తీరింది.

స్విల్లింగ్ పలుగు పట్టిన రోజుల్లోనే మన సుంకేసుల నుంచి కర్నూలు-కడప కాలువ తవ్వుతున్నదీ ఒక కంపెనీయే. అయితే దాని వాటాదారులు ఉన్నది లండన్‌లో, పొలాలున్నది నంద్యాల వైపు. 1882లో సర్కారు దాన్ని కొనేయక తప్పలేదు.

మళ్లీ ఫీనిక్స్‌కొస్తే, ఆ పక్కనున్న ఛాండ్లర్ వైపు ఇప్పుడు తెలుగు కుటుంబాలు కాపురముంటున్న చోట ఒకప్పుడు పత్తి, లూసర్న్ గడ్డి పండేవి. చేలు ఇళ్ల స్థలాలుగా చీలాయి. అసోసియేషన్ ఎన్నికల్లో ఓటు మాత్రం ఎకరాల లెక్కనే నడుస్తూ వచ్చింది: పావు ఎకరం ఇంటివాడికి పావు ఓటు.