‘క్లోజర్’ ఇయాన్ కర్టిస్ ఒక్కడిదే కాదు

1980 జూలై 18న జాయ్ డివిజన్ బృందం రెండో ఆల్బమ్ ‘క్లోజర్’ బ్రిటన్‌లో విడుదలైంది. గాయకుడు ఇయాన్ కర్టిస్ ఆత్మహత్య చేసుకుని అప్పటికి సరిగ్గా రెండు నెలలు. వయసు 23. అట్ట మీద చూస్తే సమాధి: శవం చుట్టూ కుప్పకూలి రోదిస్తున్న శిలావిగ్రహాలు. ఇంకేముంది, ఆ రికార్డును జనం మరణ వాంగ్మూలంగానే విన్నారు. ఇప్పటికీ చాలామంది వినేది అలాగే. అది ఆ సంగీతానికి జరుగుతున్న అన్యాయం.

అట్ట సంగతే చూడండి. ఇటలీలోని జెనోవా నగరంలో స్టాలియెనో శ్మశానవాటిక ఉంది. అక్కడి అప్పియాని కుటుంబ సమాధిని బెర్నార్డ్ పియెర్ వోల్ఫ్ 1978లో ఫొటో తీశాడు. డిజైనర్ పీటర్ సావిల్ చూపిస్తే బృందానికి నచ్చింది. కర్టిస్ బతికుండగానే ఖరారైన అట్ట అది.

బృందంలోని నలుగురిదీ మాంచెస్టర్ చుట్టుపక్కల ఊళ్లే. ఒకప్పుడు మన నేతగాళ్ల మగ్గాలను మూలపడేసిన మిల్లుగుడ్డ మాంచెస్టర్‌దే. 1970ల నాటికి అక్కడి మిల్లులూ మూతపడుతున్నాయి. గిటారిస్టు బెర్నార్డ్ సమ్నర్ పెరిగిన సాల్ఫర్డ్ వాడలో పాత ఇళ్లన్నీ కూల్చేశారు. 1976 జూన్ 4న పంక్ బృందం సెక్స్ పిస్టల్స్ కచేరీ చూసొచ్చాక అతనూ, పీటర్ హుక్ కలిసి బృందం కట్టాలనుకున్నారు. తర్వాత కర్టిస్, డ్రమ్మర్ స్టీఫెన్ మోరిస్ చేరారు. పంక్‌లోని కోపాన్ని నెమ్మదింపజేసి, వాద్యాల మధ్య ఖాళీ పెంచి వాళ్లు చేసిన ఇలాంటి సంగీతాన్నే పోస్ట్-పంక్ అంటారు.

కర్టిస్ మాక్లెస్‌ఫీల్డ్ ఉపాధి కార్యాలయంలో వికలాంగులకు పని చూపించే ఉద్యోగి. అక్కడికి వచ్చే ఒక మూర్ఛరోగి యువతి చనిపోవడం అతన్ని కలచివేసింది. మొదటి ఆల్బమ్‌లోని ఒక పాటకు అదే మూలం. 1979 జనవరిలో అతనికీ మూర్ఛ ఉందని తేలింది. అయినా కచేరీలు ఆగలేదు.

‘క్లోజర్’ను 1980 మార్చిలో, లండన్ ఇస్లింగ్టన్‌లో పింక్ ఫ్లాయిడ్ కట్టించుకున్న బ్రిటానియా రో స్టూడియోలో సుమారు రెండు వారాల్లో రికార్డు చేశారు. నిర్మాత మార్టిన్ హానెట్. డిజిటల్ డిలే యంత్రాలతో ఒక్కో దరువు చుట్టూ శూన్యం ఉన్నట్టు వినిపింపజేయడం అతని విద్య. హుక్ బేస్ గిటార్‌ను పై స్వరాల్లో మోగిస్తాడు, రాగం నడిపేది చాలాచోట్ల అతనే. సమ్నర్ కీబోర్డు వైపు మళ్లాడు. ‘అట్రాసిటీ ఎగ్జిబిషన్’ పాటకు హుక్, సమ్నర్ వాద్యాలు మార్చుకున్నారు. గిటార్ అంత మొరటుగా గీరుకుపోయేది అందుకే. చివరి పాట ‘డెకేడ్స్’ మరో లోకం. సింథసైజర్ తీగవాద్యాల ధ్వని మెల్లగా పైకి లేస్తుంటే కర్టిస్ గొంతు తొందరపడదు, అరవదు. ఆరు నిమిషాల ఆ నిగ్రహం చేయి తిరిగిన కళాకారుల పని. తెగించినవాడి కేక అలా ఉండదు.

అయితే కర్టిస్ పాడిన మాటల్లో బాధ లేదని కాదు. ఉంది, నిండుగా ఉంది. ఆ మాటల్ని అప్పట్లో పట్టించుకోలేదని మిగతా ముగ్గురూ తర్వాత చెప్పుకున్నారు. వాళ్లూ ఇరవైల్లో ఉన్న కుర్రాళ్లే. పాటలో బాధ కళలో భాగమేననుకున్నారు. మే 2న బర్మింగ్‌హామ్‌లో ఆఖరి కచేరీ అయింది. మే 18న, అమెరికా పర్యటనకు బయల్దేరాల్సిన ముందురోజు, కర్టిస్ వెళ్లిపోయాడు.

ఆల్బమ్ బ్రిటన్ ఆల్బమ్‌ల పట్టికలో 6వ స్థానానికి చేరింది. ఎన్‌ఎంఈ పత్రిక దాన్ని ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్‌గా నిలిపింది. మిగిలిన ముగ్గురూ పేరు మార్చుకుని న్యూ ఆర్డర్ అయ్యారు. 1983లో వాళ్ల ‘బ్లూ మండే’ ప్రపంచమంతా నాట్యశాలల్లో మోగింది. దానికి దారి ‘క్లోజర్’లోని ‘ఐసోలేషన్’ పాటలో, డ్రమ్స్‌తో పోటీపడి పరుగెత్తే సింథసైజర్‌లో అప్పటికే కనిపిస్తుంది.

కొత్తగా వినేవాళ్లకు ఒక్క మాట. కర్టిస్ కథ కాసేపు పక్కనపెట్టి, ముందు మోరిస్ డ్రమ్స్‌నూ హుక్ బేస్‌నూ పట్టుకుని తొమ్మిది పాటలూ వరసగా వినండి. మాటల కోసం రెండోసారి వినవచ్చు.