అహోబిల గ్రామము: రాళ్ళు చెప్పు చరిత్ర



అహోబిల యాత్ర చేసి వచ్చిన వారిని "ఏమి సేవించితిరి?" అని అడిగినచో నవనారసింహుల నామములు వరుసగా చెప్పుదురు. "ఆ స్వామిని ఇన్ని శతాబ్దములుగా కాపాడుకొనుచున్న ఊరిని చూచితిరా?" అని అడిగినచో మౌనమే సమాధానము. నేడు ఆ ఊరిని గూర్చి కొంత ముచ్చటించుకొందము.

నంద్యాల జిల్లాలో ఆళ్ళగడ్డకు సమీపమున, నల్లమల కొండల నడుమ ఈ గ్రామము వెలసినది. దిగువ అహోబిలమున ప్రహ్లాదవరదుడు, ఎగువ అహోబిలమున భవనాశినీ తీరమున గుహలో ఉగ్రనారసింహుడు కొలువై యున్నారు. తిరుమంగై ఆళ్వారు పది పాశురములలో ఈ కొండను కీర్తించి, చేరుటకు దుర్గమమని పలికినాడు. అట్టి కొండకు దారి ఎవరు వేసిరి? పదునాలుగవ శతాబ్దమున రెడ్డి రాజ్యస్థాపకుడైన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకును, అహోబిలమునకును సోపానములు కట్టించినాడు. ఆయన ఆస్థానకవి ఎర్రాప్రగడ తన నృసింహపురాణమును ఈ స్వామికే అంకితము చేసినాడు. ప్రభువు రాతితో మెట్లు కట్టినాడు. కవి పలుకులతో కట్టినాడు.

1398 ప్రాంతమున ఆదివణ్ శఠకోప జీయరు ఇచ్చట మఠమును స్థాపించినారని సంప్రదాయము. 1515లో శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్ర సందర్భమున విచ్చేసి స్వామికి ఆభరణములు, వేయి వరహాలు, ఒక గ్రామము సమర్పించినట్లు శాసనము తెలుపుచున్నది.

అయితే ఈ ఊరు వైభవమునే కాదు, విపత్తును కూడ చూచినది. 1579 ప్రాంతమున గోల్కొండ ఇబ్రహీం కుతుబ్ షా సేనలు ఈ క్షేత్రమును ఆక్రమించినవి. ఆ సేనలకు తోడు నిలిచినవారు ఈ సీమకే చెందిన హండె నాయకులు. అయిదారు సంవత్సరములు ఊరు పరుల వశమైనది. అంతట జీయరుస్వామి విజయనగర ప్రభువైన శ్రీరంగరాయలకు విన్నవించిరి. రాయల ఆజ్ఞచే కొండ్రాజు వేంకటరాజు సేనతో వచ్చి గ్రామమును విడిపించి, పూజలు పునరుద్ధరించినాడు. 1584 నాటి శాసనమున ఈ వృత్తాంతము నిలిచి యున్నది. కనుక ఇది కేవలము మతముల పోరు కాదు. రాజ్యముల పోరులో దేవాలయము నలిగిన కథ. మనవారే చేయి కలిపినపుడు ఊరు పోయినది. మనవారే పూనుకొన్నపుడు తిరిగి వచ్చినది.

రాజులు వెళ్ళిపోయిరి. చెంచులు మాత్రము ఇప్పటికిని అడవిలోనే యున్నారు. చెంచులక్ష్మిని పెండ్లాడిన స్వామి వారికి ఇంటి అల్లుడు. కనుమనాడు ఆరంభమగు పారువేట ఉత్సవమున స్వామి పల్లకి నెక్కి ముప్పదికి పైగా గ్రామములకు స్వయముగా వేంచేసి, తన కల్యాణమునకు ఊరూర ఆహ్వానము పలుకును. ఆ గ్రామములే ఈ క్షేత్రమునకు నిజమైన ప్రాకారములు.

కావున ఈసారి కొండ నెక్కునపుడు ఒక్క క్షణము ఆగి, పాదము క్రింది మెట్టును చూడుడు. మన కొరకు ఎవరో పరచిన రాయి అది. మన తరువాతి వారి కొరకు మనము పరచవలసిన రాయి ఏదియో యోచింపుడు.

శ్రీ లక్ష్మీనృసింహుని కటాక్షము సర్వులకు కలుగుగాక!