వీధిబడిలో శిక్ష, సాహచర్యం

మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో ప్రెసిడెన్సీ అంతటా దేశీయ విద్య స్థితిగతులను విచారించవలసిందిగా కలెక్టర్లను ఆదేశించగా, వచ్చిన జవాబులలో బళ్లారి కలెక్టరు ఏ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక అన్నిటికంటె విపులమైనది. నేటి అనంతపురం ప్రాంతం కూడా నాడు బళ్లారి జిల్లాలోనే ఉండేది కనుక, తెలుగు, కన్నడ వీధిబడులలో పిల్లవాడి దినచర్య ఎట్లా సాగేదో తెలుసుకోవడానికి ఈ నివేదిక ముఖ్యమైన ఆధారం. జిల్లాలో 533 బడులు ఉండగా, వాటిలో 6,641 మంది చదువుకునేవారు. వారిలో బాలికలు 60 మంది మాత్రమే.

పంతులు ఇంటి అరుగు మీదనో, గుడి మండపంలోనో సాగే ఈ బడులకు పిల్లలు తెల్లవారుజామున ఆరు గంటలకే చేరాలి. అందరికంటె ముందు వచ్చినవాడి అరచేతిలో గౌరవసూచకంగా సరస్వతి పేరు రాసేవారు. రెండవవాడి చేతిలో సున్న చుట్టేవారు. అతడికి మెప్పూ లేదు, నిందా లేదు అని దాని భావం. మూడవవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగవవాడికి రెండు, ఆ తరువాత వచ్చిన ప్రతివాడికీ ఒక్కొక్కటి చొప్పున ఎక్కువ పడేవి. చివరికి చేరినవాడు ఎంత పొద్దున లేచినా, మిగిలినవారు తనకంటె ముందు వచ్చారన్న ఒక్క కారణం చేతనే ఎక్కువ దెబ్బలు తినేవాడు. చదవని పిల్లలకు బెత్తపు దెబ్బలే కాక, రెండు చేతులనూ తాటితో కట్టి కప్పుకు వేలాడదీసే శిక్ష, ఎడతెగకుండా కూర్చుని లేవవలసిన శిక్ష ఉండేవి. తెలుగువారు తరతరాలుగా వీటిని కోదండం, గుంజీళ్లు అని చెప్పుకుంటూ వచ్చారు. ఈ శిక్షలు కఠినమైనవని రాసిన క్యాంప్‌బెల్, గుంజీళ్లు మాత్రం ఒంటికి మంచివే కావచ్చునని కూడా అన్నాడు.

అయితే అదే బడిలో మరొక ఏర్పాటు కూడా ఉండేది. పిల్లలను సాధారణంగా నాలుగు తరగతులుగా విభజించి, కింది తరగతుల బాధ్యతను కొంతవరకు పై తరగతి పిల్లలకు అప్పగించేవారు. కొత్తగా చేరినవాడు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుకుంటుంటే, తనకంటె కొంచెం ముందున్న తోటి పిల్లవాడే అతడికి గురువయ్యేవాడు. ఇంగ్లండు ఈ పద్ధతిని అనుకరించడం సమంజసమేనని క్యాంప్‌బెల్ మెచ్చుకున్నాడు. ఆ అనుకరణకు మూలపురుషుడు ఆండ్రూ బెల్. మద్రాసు ఎగ్మూరులోని సైనికుల అనాథ బాలుర ఆశ్రమానికి 1789 నుంచి పర్యవేక్షకుడిగా ఉన్న బెల్, దేశీయ బడిలో పిల్లలు ఇసుకలో రాయడం చూసి ఆ పద్ధతిని తన బడిలో ప్రవేశపెట్టాడు. పిల్లల చేత పిల్లలకు చదువు చెప్పించే ఆ విధానాన్ని 1797లో లండనులో ఒక పుస్తకంగా ప్రకటించాడు. బెత్తానికి బదులు తప్పులను ఒక పుస్తకంలో నమోదు చేయించి, తోటి విద్యార్థులే న్యాయనిర్ణేతలుగా విచారించే పద్ధతిని అతడు నడిపాడు. బెల్‌కు పోటీగా లండనులో బడి నడిపిన జోసెఫ్ లాంకాస్టర్ కూడా బెత్తాన్ని వద్దన్నవాడే. కాని తప్పు చేసినవాడిని బుట్టలో కూర్చోబెట్టి, అందరూ చూసేటట్లు పైకప్పుకు వేలాడదీసే శిక్షను అతడే సమర్థించాడు. దెబ్బ తప్పినా, నలుగురిలో పడే అవమానం మాత్రం తప్పలేదు.

ఒంటికి తగిలే దెబ్బనూ మనసుకు తగిలే దెబ్బనూ కలిపి తప్పుగా చూడడానికి చట్టానికి చాలా కాలం పట్టింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2002లో విద్యా నిబంధనలను సవరించి బడులలో దండనను నిషేధించింది. 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 17వ సెక్షను, శారీరక దండనతో పాటు మానసిక వేధింపును కూడా స్పష్టంగా నిషేధించింది. 2020 నాటి జాతీయ విద్యా విధానం ఇంకొక అడుగు ముందుకు వేసి సామాజిక, భావోద్వేగ అభ్యసనాన్ని ప్రస్తావించింది. తన కోపతాపాలను తాను గుర్తెరగడం, ఎదుటివారి బాధను గ్రహించడం, తగవులను మాటలతో పరిష్కరించుకోవడం వంటి నేర్పులను అక్షరాలతో పాటే అలవరచడం దీని ఉద్దేశం.

బళ్లారి బడికి ఇటువంటి పేరు గల పాఠం ఏదీ లేదు. అయినా అక్కడి పిల్లవాడు ఆలస్యంగా వస్తే ఏమవుతుందో, పక్కవాడికి రాని అక్షరాన్ని తాను ఎట్లా నేర్పాలో రోజూ తెలుసుకుంటూనే ఉన్నాడు. హాజరు పట్టిక, మార్కుల జాబితా, తరగతి నాయకుడు వంటి నిత్య వ్యవహారాలే పిల్లవాడి మనసుకు అసలు పాఠాలవుతాయని ఈ చరిత్ర చెబుతున్నది. కనుక విద్యార్థి క్షేమం కోసం వారానికొక గంట కేటాయించే బడి, మిగిలిన గంటలలో ర్యాంకులు చదివి సిగ్గుపరచే అలవాటును కూడా వదులుకోగలిగితేనే, కోదండాన్ని మానిపించిన చట్టం ఆశయం నెరవేరుతుంది.