మిడిగుడ్ల వెనుక

చార్మినార్ దగ్గర నిజామియా యునానీ ఆసుపత్రి నుంచి నయాపూల్ మీదుగా మూసీ దాటితే అఫ్జల్‌గంజ్. 1908 వరద అక్కడి పాత ఆసుపత్రిని దెబ్బతీశాక కట్టిందే ఉస్మానియా. యునానీ, అల్లోపతి రెండు వైద్యాలూ ఎరిగిన జబ్బు ఒకటుంది: గొంతు వాపు, దానితోపాటు మిడిగుడ్లు.

ఫార్సీలో రాసిన వైద్య గ్రంథం ‘జఖీరా-ఎ-ఖ్వారజమ్‌షాహీ’లో ఇస్మాయిల్ జుర్జానీ ఈ రెంటి పొత్తును 12వ శతాబ్దంలోనే గుర్తించాడు. ఏడు వందల ఏళ్ల తర్వాత, 1835లో డబ్లిన్‌లో గ్రేవ్స్, 1840లో జర్మనీలో బాసెడో వాటికి గుండెదడను జోడించారు. అసలు దోషి ఎవరో 1956 దాకా తేలలేదు. ఆ ఏడు న్యూజిలాండ్‌లో ఆడమ్స్, పర్వెస్ రోగుల రక్తంలో థైరాయిడ్‌ను అదే పనిగా ఉసిగొల్పే పదార్థాన్ని పట్టుకున్నారు. అది ఒంటిని కాపాడాల్సిన యాంటీబాడీయేనని తర్వాత తెలిసింది.

కాపలావాడే దొంగైతే ఒక్క గదితో ఆగుతాడా? 1926లో ష్మిట్ అడ్రినల్, థైరాయిడ్ గ్రంథులు రెండూ చెడిన రోగులను వర్ణించాడు. 1964లో కార్పెంటర్ బృందం ఆ జంటకు మధుమేహాన్ని చేర్చింది. 1980 నాటికి న్యూఫెల్డ్ బృందం ఈ గ్రంథుల జబ్బులను రకాలుగా విడదీసింది. ఈలోగా 1970లో జపాన్‌లో హిరాటా మరో చిక్కు బయటపెట్టాడు: ఇన్సులిన్ సూది ఎరగనివారిలోనే ఇన్సులిన్‌పై యాంటీబాడీలు, చక్కెర ఉన్నట్టుండి పడిపోవడం. ఇది వచ్చినవారిలో గ్రేవ్స్ జబ్బుకు, అంటే ఈ మిడిగుడ్ల జబ్బుకే, మెథిమజోల్ మందు వాడేవారు తరచు కనిపించారు. మన దగ్గర రాసే కార్బిమజోల్ కూడా ఒంట్లో మెథిమజోల్‌గానే మారుతుంది.

ఇవన్నీ అరుదే. కానీ అడగకపోతే దొరకవు. థైరాయిడ్ అదుపులోకి వచ్చినా బరువు తగ్గుతోందా? ఉప్పు మీదికి మనసు పోతోందా? లేస్తే కళ్లు తిరుగుతున్నాయా? అడ్రినల్ లోపాన్ని అనుమానించాలి. ఆ లోపంతో వచ్చే నలుపు చామనఛాయ ఒంటిపై తెలియదు. చిగుళ్లు, అరచేతి గీతలు చూడాలి. కంటి వాపుకిచ్చే స్టెరాయిడ్ ఈ లోపాన్ని కప్పేసి, ఆపాక రోగిని కూలదోయవచ్చు. థైరాయిడ్ కంటి జబ్బులో పైరెప్ప సాధారణంగా పైకి లాగుతుంది. వాలిందంటే కండరాలు నీరసించే మయస్థీనియా కోసం వెతకాలి.

జుర్జానీ దగ్గర పరీక్షనాళిక లేదు. గొంతు చూసినవాడు కన్నూ చూశాడు, అంతే. నేటి ఓపీలో కన్ను చూసినవారు చిగుళ్ల దాకా వెళ్లాలి.