సోవియట్ల సౌధం: నిర్మాణం కాని భవనం, మారిన నగరం

వాస్తుశిల్ప చరిత్ర సాధారణంగా నిలిచి ఉన్న కట్టడాలను, శిథిలాలను పరిశీలిస్తుంది. కాగితాలకే పరిమితమైన నమూనాలను విఫల ప్రయత్నాలుగా పక్కన పెడుతుంది. మాస్కోలో తలపెట్టిన సోవియట్ల సౌధం విషయంలో ఈ పద్ధతి సరిపోదు. పూర్తికాని ఆ భవనం నగర స్వరూపాన్ని పలు విధాల మార్చివేసింది.

1931లో ఈ సౌధం కోసం నమూనాల పోటీ ప్రారంభమైంది. లె కార్బూజియే, వాల్టర్ గ్రోపియస్ వంటి విదేశీ వాస్తుశిల్పులు కూడా అందులో పాల్గొన్నారు. పోటీ ముగియకముందే, ఆ సంవత్సరం డిసెంబరు 5న, నిర్మాణానికి ఎంచుకున్న స్థలంలోని రక్షకుడైన క్రీస్తు ఆలయాన్ని పేల్చివేశారు. నెపోలియన్‌పై 1812లో సాధించిన విజయానికి స్మారకంగా నిర్మితమైన ఆ ఆలయం 1883లో ప్రతిష్ఠితమైంది. ఏది కట్టాలో తేలకముందే ఏది ఉండకూడదో తేలిపోయింది.

1933లో బోరిస్ ఇయోఫాన్ నమూనాను ప్రాతిపదికగా స్వీకరించారు. తరువాత వ్లదిమిర్ షుకో, వ్లదిమిర్ గెల్‌ఫ్రీఖ్ ఆయనతో కలిసి పనిచేశారు. మెట్లు మెట్లుగా పైకి లేచే భవనం, దాని శిఖరాన లెనిన్ విగ్రహం, మొత్తం ఎత్తు 415 మీటర్లు. నాడు ప్రపంచంలో అత్యంత ఎత్తయిన ఎంపైర్ స్టేట్ భవనం ఎత్తు 381 మీటర్లు. ప్రతినిధుల సమావేశాల కోసం ఉద్దేశించిన సభాభవనం ఈ విధంగా ఒక విగ్రహానికి పీఠంగా పరిణమించింది.

పునాదులు పూర్తయి ఉక్కు చట్రం పైకి లేస్తున్న దశలో, 1941లో, జర్మనీ దండెత్తింది. యుద్ధావసరాల కోసం ఆ ఉక్కును విప్పి తరలించారు. యుద్ధానంతరం ఇయోఫాన్ ఎత్తు తగ్గించి నమూనాలు రూపొందించినా పని తిరిగి మొదలు కాలేదు. 1947లో, ఈ సౌధం నగర కేంద్రంగా నిలుస్తుందన్న భావనతోనే, మాస్కోలో ఎనిమిది ఎత్తయిన భవనాలు నిర్మించాలని నిర్ణయించారు. వాటిలో ఏడు పూర్తయ్యాయి. అవి నేటికీ ఉన్నాయి. వాటికి కేంద్రం కావలసిన సౌధం మాత్రం లేదు.

1935లో సమీపాన ప్రారంభమైన మెట్రో స్టేషనుకు పెట్టిన సౌధం పేరును 1957లో తొలగించారు. పునాదుల స్థలంలో 1960లో ఆరుబయలు ఈతకొలను వెలసింది. 1990లలో దానిని తొలగించి పాత ఆలయాన్ని పునర్నిర్మించగా, అది 2000లో ప్రతిష్ఠితమైంది.

ఈ క్రమాన్ని బట్టి ఒక విషయం స్పష్టమవుతుంది. నిర్మాణం ఆగిపోయినంత మాత్రాన దాని పేరిట జరిగిన విధ్వంసం రద్దు కాదు. నేడు అక్కడ కనిపిస్తున్నది 1883 నాటి ఆలయ రూపమే తప్ప ఆ ఆలయం కాదు. కనుక నిర్మాణం కాని భవనాల చరిత్రను రాసేటప్పుడు, వాటి కోసం తొలగించిన వాటిని కూడా లెక్కలోకి తీసుకోవలసి ఉంటుంది.